జమీలా దాటిన వంతెన

సెప్టెంబరు 1948, శనివారం రాత్రి
రాంగోపాల్‌పేట్

ఊళ్లోకి ఇండియా మిలిటరీ వచ్చింది. పిల్లల్ని గడప దాటనివ్వకుండా, నేలమీద ముగ్గుపిండితో ఏటినీ, నడుమ రెండు లంకలనూ, ఏడు వంతెనలనూ గీశాను. అన్నీ దాటాలి, ఏదీ రెండోసారి తొక్కకూడదు. మా రాజు ఓడి ఓడి అలిగాడు.

"ఎవరితోని గాదురా. ఒక వంతెన మీద వస్తే ఇంకోదాని మీద పోవాలె గద. ఈడ ఏ ఒడ్డుకు చూసినా, ఏ లంకకు చూసినా వంతెనలు జత కుదరవు," అన్నాను.

పక్కింటి జమీలా ఒప్పుకోలేదు. సోమవారం మౌలాలికి రైల్వే పనికి పోయిన వాళ్ల అబ్బా ఇంకా ఇల్లు చేరలేదు. పిల్ల మా దగ్గరే పడుకుంటోంది.

"రెండోసారి తొక్కొద్దంటే ఎట్ల చిన్నమ్మా? అబ్బా పోయిన వంతెన మీదికెల్లే వాపస్ రావాలె గద!"

ఆ షరతు తీసేశాను. జమీలా వేలు ఒక వంతెన మీద అటు పోయి, దానిమీదే ఇటు వచ్చింది.

పొద్దున ఊడ్చేటప్పుడు ఆ ముగ్గు జోలికి పోను.