మూడింటికి వెలిగే బాయిలర్

గ్రిమ్స్‌బీ,
జనవరి 19

కర్టిస్ బాబుకి,

మంగళవారం వచ్చి మా గ్యాస్ బాయిలర్ బాగుచేశావు. అంతకుముందు నేను బటన్ ఎన్నిసార్లు నొక్కినా టిక్కుటిక్కుమనడమే తప్ప మంట అంటుకోలేదు. నిప్పురవ్వ వేసే పుల్లకి పట్టిన మసి నువ్వు గీకేసరికి భగ్గున వెలిగింది. నీ పనికి వంక పెట్టను.

కానీ వెళ్తూ వెళ్తూ, బాయిలర్ రోజూ తనంతట తనే వెలిగే వేళ పెట్టే టైమర్ చూసి నవ్వావు. "మధ్యాహ్నం మూడింటికి ఎవరు తాతా స్నానం చేసేది? గ్యాస్ దండగ!" అంటూ పొద్దున ఏడింటికి మార్చేశావు. నేను తలూపాను. అప్పుడే చెప్పాల్సింది.

ఆ మూడు గంటల వేళ పెట్టింది మా ఆవిడ డోరీన్. రేవులో చేపలు కోసే పని ఆమెది. మూడున్నరకి ఇల్లు చేరి, "కంపు కొడుతున్నాను, దగ్గరికి రాకు!" అని తిన్నగా స్నానానికి పోయేది. మూడింటికి బాయిలర్ వెలిగి, గోడల్లో నీళ్ల గొట్టాలు వేడెక్కి టకటకమంటే నేను లేచి టీకి నీళ్లు పెట్టేవాణ్ణి. ఆమె పోయి రెండేళ్లయినా గొట్టాలు మోగుతూనే ఉండేవి, నేనూ లేస్తూనే ఉండేవాణ్ణి.

ఇప్పుడు మూడు ఎప్పుడు దాటిపోతోందో తెలియడం లేదు. నిన్న చీకటి పడేదాకా కుర్చీలోనే ఉండిపోయాను.

ఆ టైమర్ తిప్పడం నాకు రాదు, అదంతా ఆమే చూసుకునేది. వీలు చూసుకుని వచ్చి మళ్లీ మూడింటికి పెట్టు బాబూ. స్నానానికి ఎవరూ రారని నాకూ తెలుసు. టీ వేళ అయిందని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇట్లు,
పదిహేడో నంబరు ఇంటి తాత