ఊ అన్నంకనే ఎత్తాలె

సిరోంచ,
మంగళవారం, 20 జనవరి 2026

మనుమరాలు సింధూజకు తాత ఎల్లన్న దీవెనలు. ఇక్కడ అందరం మంచిగున్నం, ఒక్క నా మనసు తప్ప.

పద్నాలుగేండ్ల కింద టేకు డిపోల, దుంగలెత్తే మా ముఠా అంత చూస్తుండంగ నా పరువు తీసినవ్. అప్పుడు నీకు పదేండ్లు. నాకు సద్ది తెచ్చినదానివి, "తాతా, కొండన్న తాత చెయ్యి పెట్టకముందే నువ్వు ఎత్తుమని కేకేసినవ్" అన్నవ్. దుంగ కొండన్న పాదం మీద పడ్డది, ఆ మాట నా మీద పడ్డది. నిన్ను కసిరి ఇంటికి తోలిన. ఆ కోపం ఇంక పోలే. ఫోన్ల చెప్తే నడుమల అడ్డమొస్తవని రాస్తున్న. నా అచ్చరాలు వంకరగుంటయ్, నవ్వకు.

ఇగ నీ సంగతి. ఏటపల్లి టేకు డిపోల నీ కింద దుంగలెత్తే కూలోళ్లు మాట వింటలేరని, చామోర్షికి బదిలీ అడుగుతనని మీ అమ్మకు చెప్పుకొని ఏడ్చినవట. మొన్న దుంగ జారినప్పుడు తొందర పెట్టింది నువ్వు. మజూర్లదే అజాగ్రత్త అని నీ పై సాహెబుకు కాగితం రాసిందీ నువ్వే. దుంగ ఎవరికీ తగల్లే. ఆ కాగితం మాత్రం అందరికీ తగిలింది.

ట్రైనింగుల నీకు ఏం నేర్పిన్రో నాకు తెల్వది. మా ముఠాల తెలుగోళ్లు, మరాఠోళ్లు, గోండోళ్లు కలిసి నేను గాక ఎనిమిది మంది. ఎత్తేముందు ముకద్దం, అంటే ముఠా పెద్దనైన నేను, ఒక్కొక్కని పేరు పిలవాలె, ఎవని భాషల వాడు ఊ కొట్టాలె. ఎనిమిదో ఊ వినవడ్డంకనే కేక. దుంగ మొదలు దిక్కు, బరువున్న దిక్కు, ముకద్దమే పట్టాలె. నువ్వేమో వాట్సాపుల మరాఠీల హుకుం పంపుతున్నవ్, సగం మందికి చదవరాదు. పేరు పెట్టి పిలువు. అంతకంటె ముందు, తప్పు నాదే అని వాళ్ల ముందట్నే చెప్పు, సాహెబుకు ఇంకో కాగితం రాయి. సోమవారం జెండా పండుగకు అందరు కూడినప్పుడు చెప్పు. అప్పుడు గూడ వాళ్లు ఊ అనకపోతే బదిలీ అడుగు, నేనే వచ్చి నీ సంచి మోస్త.

చలికి మెడకు రుమాలు చుట్టుకో. మీ అమ్మమ్మ యాదక్క చేసిన ఇప్పపూల లడ్డూలు ఈ ఉత్తరంతోని పక్కింటి ఆనంద్ చేతికిచ్చి పంపుతున్నం. బస్సుల వాడు సగం తినకముందే తీస్కో.

నీ మీద కోపం తప్ప ఇంకేం దాచుకోని
తాత ఎల్లన్న

సంతకం పెట్టినంక రాస్తున్న: ఆనాడు నువ్వన్నది నిజం. ఆనాటి ఫారెస్టు సాహెబు చూడవచ్చిండని, మా ముఠా ఎంత జల్ది ఎత్తుతదో చూపియ్యాలని నేను పేర్లు పిలువలే. తన చెయ్యే జారిందని కొండన్న సాహెబుతోని అన్నడు. నేను ఊకున్న. వాడు కుంటుకుంట వచ్చి రోజూ నా అరుగు మీద చాయ్ తాగుతడు, ఒక్కనాడు గూడ ఆ మాట తియ్యలే. కోపం నీ మీద కాదు బిడ్డా. వచ్చే ఆదివారం వాని ఇంటికి పోయి నిజం చెప్పాలనుకున్న. ఒక్కన్ని పోవుడు నాతోని అయితలేదు, నువ్వు పక్కన నిలవడాలె. ఇగో, నీ పేరు పిలుస్తున్న, సింధూజా. శుక్రవారం పొద్దుమూకేలోపల ఫోన్ చేసి ఊ అను. అనేదాక ఈ బరువు నేను ఎత్తను.