దూది లేని అతుకు

శుక్రవారం, రాత్రి

తెరచాప పడవ నమూనా పూర్తయింది. రెండు మూరల పొడవు. రేపు రత్నం వచ్చి తీసుకెళ్తుంది. వాళ్ల నాన్న చేపల వేటకు వెళ్లి తిరిగిరాని పడవ ఎలా ఉండేదో అచ్చం అలాగే కావాలని అడిగింది. కొలతలన్నీ ఆవిడ బాబాయి పోలయ్యగారే చెప్పారు.

మధ్యాహ్నం ఆయన ఒంగోలు బస్సు దిగి నేరుగా బ్రాడీపేటలోని నా కొట్టుకే వచ్చారు. పడవను తిరగేసి, నీళ్లు రాకుండా పలకల మధ్య నేను కూరిన దూదిని వేలితో తడుముతూ పోయారు. అడుగున ఒక అతుకు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ దూది తీసెయ్ మస్తానూ. పైన గుగ్గిలం మాత్రం పుయ్యి."

"ఎందుకండీ?"

"అన్న వేటకెళ్లిన ఆ రోజు దూది చాల్లేదు. తెల్లారిపోతోందని పైపైన గుగ్గిలం పూసి ఊరుకున్నా. అంతా కూరావా అని అన్న అడిగాడు. కూరానన్నా."

"రత్నానికి తెలుసా?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

దూదేకుల ఇంట్లో పుట్టినవాణ్ణి. దిండులో గుప్పెడు దూది తగ్గినా నాన్న ఊరుకునేవాడు కాదు. అయినా పోలయ్యగారి ముందే సూదితో ఆ దూదంతా లాగేశాను. ఎందుకు లాగానో... అన్ని అతుకుల మీదా పూసిన గుగ్గిలం ఆరాక చూస్తే అది ఏ అతుకో నాకే తెలియలేదు.

ఇందాక రత్నం ఫోన్ చేసింది.

"మస్తాన్ గారూ, పిల్లలు ముచ్చటపడుతున్నారు. ఒకసారి నీళ్లలో వదలొచ్చాండీ?"

"వదలొచ్చమ్మా" అన్నాను.