తొక్కుడు పలక

అన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. తద్దినాలు దండగని ఊరంతా వాదించే నేను, చదవవని తెలిసీ నీకే రాస్తున్నాను.

ఇవాళ బొగ్గుతో నడిచే బస్సులో హిందూపురం పోయి, ఆసుపత్రిలో మన పక్క మగ్గం నరసప్పను చూశాను. అతనిదీ నిన్ను వారాల తరబడి మంచాన పడేసిన జ్వరమే. మంచం చివర చెక్క నిలబెట్టి, దాన్ని పాదాలతో నెట్టమంటోంది కొత్త డాక్టరమ్మ.

"మగ్గం తొక్కినట్టు తొక్కప్పా!"

"తొక్కితే చీర దిగుతాదా తల్లీ?" అన్నాడు నరసప్ప. వార్డంతా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. "పోయినేడు మా అన్నను కదలనే వద్దంటిరే!" అని అరిచాను.

"విశ్రాంతే మందని మాకు నేర్పినారండీ. కదలకుంటే కండ కరిగిపోతాదని ఇప్పుడు తెలుస్తాండాది," అందామె.

జ్వరం తగ్గి ఇంటికొచ్చాక నిన్ను మగ్గం గుంతలో దింపాం. ఎంత తొక్కినా పలక కిందికి పోలేదు. "నా కాళ్లు యాడికి పోయినాయిరా?" అన్నావు. తర్వాత దగ్గడానికీ బలం చాలక, చిన్న పడిశానికే పోయావు.

ఎవరిని తిట్టాలి? నిన్ను కదలొద్దన్న డాక్టరే నీ మంచం పక్కన రాత్రంతా కూర్చున్నాడు. దేవుణ్ణి తిడదామంటే నాకు నమ్మకం లేదు.

ఇంతలో, నరసప్ప కాళ్ల దగ్గరి చెక్క జారుతోంది పట్టుకోమంది డాక్టరమ్మ. పట్టుకున్నాను. నరసప్ప తొక్కాడు. చెక్క నా చేతుల్ని వెనక్కి నెట్టింది.

నాకు ఏడుపొచ్చింది, అన్నా. ఎందుకో నువ్వైనా చెప్పు.

నీ తమ్ముడు