ఘాట్ ఎక్కని రెండువందల ఎనభై డిగ్రీలు

జూన్ 1, ఆదివారం. కరీంనగర్.

కొత్త నోట్‌బుక్. ఇంత మంచి కాగితం మీద మొదటి మాట బామ్మర్ది భానుప్రసాద్ గురించి రాయాల్సి రావడం నా ఖర్మ.

నా భార్య సృజనకు ఇచ్చోడ జూనియర్ కాలేజీలో ప్రిన్సిపాల్‌గా ప్రమోషన్ వచ్చింది. కాలేజీ చూసి వద్దామని మొన్న రెండు బండ్లలో వెళ్ళాం. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మీద నా టర్బో పెట్రోలు కారును భానుగాడి డీజిల్ డబ్బా దాటేసింది. పైన హోటల్ దగ్గరికి నేను చేరేసరికి వాడి చాయ్ కూడా అయిపోయింది.

"బావా, నీ బండికి దమ్ము లేసినట్టుంది. జర డాక్టర్‌కు సూపియ్యి" అన్నాడు.

సృజన నవ్వింది. చేయి అడ్డం పెట్టుకుంది గాని, నేను చూశాను.

కామ్‌షాఫ్టులు మార్చాల్సిందే. ఇంజన్ తల మీద ఉండే రెండు కడ్డీలు అవి. వాటి మీది బొడిపెలే గాలి లోపలికొచ్చే తలుపుల్నీ, పొగ బయటికెళ్ళే తలుపుల్నీ తెరుస్తాయి. బొడిపె మారితే ఇంజన్ స్వభావమే మారుతుంది. ఈ సంగతి జిల్లాలో తెలిసినవాళ్ళు నాతో కలిపి ముగ్గురుంటారేమో. మిగతా ఇద్దరి మీద నాకు అనుమానమే.

నియమాలు:
1. పదిహేను రోజులు పోలిక మాత్రమే. అదీ కాగితం మీద.
2. వీడియోలు చూడను.
3. ఎవరినీ సలహా అడగను. భానును అసలే అడగను.
4. సృజన జాయిన్ అయ్యేదాకా ఇంజన్ ముట్టను.

నాలుగోది సృజన రాయించింది. 16వ తేదీ సాయంత్రం ఐదులోగా జాయిన్ కాకపోతే ప్రమోషన్ పోతుందని ఆర్డర్‌లోనే ఉంది. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన ప్రమోషన్.

"నేను బస్సుల పోత తియ్యుండ్రి" అంది.

ప్రిన్సిపాల్ మొదటి రోజే ఎర్ర డబ్బాలో వెళ్తుందా? నా కారులోనే దింపుతానని మాటిచ్చాను.

జూన్ 3, మంగళవారం. ఉదయం 6.10.

బజార్లో దొరికే మూడు జతల షాఫ్టులతో పట్టిక గీశాను. స్కేలు పెట్టి.

కారుతో వచ్చినవి: 248 డిగ్రీలు, ఎత్తు 8.5.
మొదటి జత: 256, ఎత్తు 9.
రెండో జత: 264, ఎత్తు 9.6.
మూడో జత: 280, ఎత్తు 10.8.

డిగ్రీలంటే తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో. ఎత్తంటే ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటుందో. ఇంత శుభ్రమైన పట్టిక ఈ ఊళ్ళో ఏ మెకానిక్కూ గీసి ఉండడు. వాళ్ళు అగ్గిపెట్టె మీద లెక్కలేసే రకం.

జూన్ 5, గురువారం.

అమ్మేవాళ్ళ రాతలు చదివాను. మూడింటి గురించీ ఒకటే రాశారు: "రోజువారీ వాడకానికి అనుకూలం, అద్భుతమైన శక్తి." అంటే మూడింటి గురించీ ఏమీ తెలియదన్నమాట.

వీడియో చూడలేదు. ఫోన్ బోర్లా పెట్టి విన్నాను. 280 శబ్దం బాగుంది.

జూన్ 7, శనివారం. సాయంత్రం 5.

భాను వచ్చాడు. నోట్‌బుక్ టీపాయ్ మీదే ఉండిపోయింది. తీసి చదివేశాడు, సభ్యత లేని మనిషి.

"256 ఆ? మంచిగుంటది బావా, రిటైరైనోళ్లకు."

నేను సలహా అడగలేదు. వాడిచ్చాడు. కాబట్టి మూడో నియమం తప్పినట్టు కాదు.

వాడు వెళ్ళాక 280 కింద ఎర్ర గీత పెట్టాను. ఆర్డర్ కూడా పెట్టాను. కొలవడానికే. ఎవడో రాసిన అంకెలు నమ్మి పోలిక చేస్తే అది పోలికా?

జూన్ 11, బుధవారం.

పార్సెల్ వచ్చింది. కొలిచాను. 10.8. నిజమే చెప్పారు.

"గా డబ్బ ఇంట్లెకెందుకొచ్చింది?" అంది సృజన.

"కొలవడానికి."

"కొల్చినంక వాపస్ పంపుతరా?"

ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్ళాను.

జూన్ 12, గురువారం. ఉదయం 10.

అంబదాస్ షెడ్డుకు వెళ్ళాను. చూపించడానికి మాత్రమే. అంబదాస్ ఇరవై ఏళ్ళు సిరిసిల్లలో సాంచాలు బాగుచేసిన జాబర్. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అవి మూతబడ్డాక ఇక్కడికొచ్చి కార్లు బాగుచేస్తున్నాడు. మగ్గం విప్పిన చేతులతో టర్బో విప్పుతాడు. మన ఊరి నాణ్యత ఇది.

షాఫ్టును వెలుతురుకు పట్టి, బొడిపెల మీద బొటనవేలు రాసి చూశాడు.

"సారూ, గిది ఊదే బండికి కాదు. ఊదకుండ పీల్చుకునే బండికి" అన్నాడు.

"ఎట్లా తెలుసు?"

"సాంచల గూడ గిసుంటి బొడిపెలే ఉంటయి. అయి పోగులను లేపుతయి. ఎక్కువ లేపినా, ఎక్కువసేపు లేపినా పోగు తెగుతది. గీ బండ్ల టర్బో గాలిని లోపలికి ఊదుతది గదా. గీ బొడిపెకు రెండు తలుపులు ఒక్కపారే తెరుసుకొని శానసేపుంటయి. ఊదిన గాలి గిట్లొచ్చి గట్ల పోతది. ఇంగ బలమేడుంటది?"

నూలు పోగులతో ఇంజన్ పాఠం. నేను పదకొండు రోజులు చదివాను. ఈయన బొటనవేలు రాశాడు.

"నాకు చెప్పకు అంబదాసూ. బిగించు" అన్నాను.

నాలుగో నియమం ప్రకారం ఇంజన్ నేను ముట్టకూడదు. ముట్టింది అంబదాస్.

జూన్ 14, శనివారం. మధ్యాహ్నం 3.

బిగించడం అయింది. స్టార్ట్ చేయబోతే ఆపాడు. పానా పెట్టి ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు నెమ్మదిగా తిప్పాడు, ఎక్కడైనా తగులుతుందేమోనని చెవి దగ్గర పెట్టి విన్నాడు. కొత్త బొడిపె వేసిన సాంచను చేత్తో తిప్పకుండా కరెంటియ్యరట. ఇలా అయితే మనం చంద్రుడి మీదికి వెళ్ళినట్టే.

స్టార్ట్ చేశాను. ఆహా, ఆ శబ్దం. పక్క షెడ్లవాళ్ళు బయటికొచ్చి చూశారు.

నిలబెడితే బండంతా ఊగుతోంది. ఏసీ వేస్తే ఆగిపోతోంది. ఇంజన్ దీపం వెలిగింది, ఆరడం లేదు.

"పాతయి పెట్టమంటరా? పొద్దుగూకేసరికి పెడత" అన్నాడు అంబదాస్.

వద్దన్నాను. దీపానిది అతి జాగ్రత్త.

జూన్ 16, సోమవారం.

9.00. బయల్దేరాం. సృజన ఒళ్ళో ఆర్డర్ కాపీ ఉన్న ఫైలు.

9.40. గంగాధర. సృజన ఏసీ వేసింది. బండి ఆగింది. ఏసీ తీసేసి అద్దాలు దించాం. ఎండ. సృజన ఫైలును రెండు చేతులతో పట్టుకుంది.

1.10. నిర్మల్. దారిలో ఐదుసార్లు ఆగాం. "అన్నం తింటవా?" అన్నాను. "పోనియ్యుండ్రి" అంది.

1.40. ఘాట్. ముందు సిమెంటు లారీ. నెమ్మదించాను. అంతే, ఇంజన్‌లో ప్రాణం లేదు. తొక్కితే శబ్దం ఉంది, కదలిక లేదు. మూడో గేరు, రెండో గేరు, ఒకటో గేరు. లారీ ముందుకు పోయింది. సిమెంటు లారీ, లోడుతో.

1.50. రెండో మలుపులో ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ కాలేదు.

2.05. సృజన గడియారం చూసింది. నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. ఫైలు చంకలో పెట్టుకుని దిగింది. కింది నుంచి ఆదిలాబాద్ బస్సు వస్తోంది. చేయెత్తింది. ఘాట్ మధ్యలో బస్సు ఆపే డ్రైవర్ ఉండడనుకున్నాను. ఆపాడు.

"మీరు బండి సూస్కోండ్రి" అని ఎక్కింది.

ఆ ఎర్ర డబ్బా ఒక్కసారి కూడా తడబడకుండా పై మలుపు దాకా ఎక్కింది. కనిపించినంతసేపు చూశాను. సిగ్గేసింది.

3.40. ఫోన్. "జాయినయిన." ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇచ్చాడట. అది మాత్రం నవ్వుతూ చెప్పింది.

జూన్ 18, బుధవారం.

బండిని తాడు కట్టి తెచ్చారు. తాడు భానుది, బండీ భానుదే. ఘాట్ నుంచి కరీంనగర్ దాకా వాడి డీజిల్ డబ్బా వెనక భాగమే చూస్తూ వచ్చాను. ఒక్క మాట అనలేదు వాడు. అంత జాలి నేను భరించలేను.

"నేను చెప్పలేదా" అని అంబదాస్ కూడా అనలేదు. షెడ్డు ముందు షట్టర్, వెనక తలుపు రెండూ తెరిచి మధ్యలో ఫ్యాన్ పెట్టాడు. నా పట్టిక కాగితం చించి ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. ఫ్యాన్ ముందు పాత పేపరు ముక్క వదిలాడు. లోపల నిలవకుండా నేరుగా వెనక తలుపులోంచి బయటపడింది.

పదిహేను రోజుల చదువు. ఒక ఫ్యాన్. ఈ జిల్లాలో కామ్‌షాఫ్టుల గురించి తెలిసిన ముగ్గురిలో నేను లేను.

పాతవి పెట్టమన్నాను. చేత్తో రెండు చుట్లు నేనే తిప్పాను.

జూన్ 22, ఆదివారం. ఉదయం 7.

సృజన నిన్న బస్సులో వచ్చింది. పొద్దున నోట్‌బుక్ తీస్తే పట్టికలో కొత్త గడి గీసి ఉంది, నాకంటే తిన్నగా. పైన "ఇచ్చోడ చేరుస్తుందా?" అని ఆమె అక్షరాలు.

256: తెలియదు.
264: తెలియదు.
280: లేదు.
కింద ఇంకో వరస. ఆదిలాబాద్ బస్సు: చేర్చింది.

కొట్టేయడానికి పెన్ను తీసి, మళ్ళీ పెట్టేశాను.

ఉదయం 9. కొత్త పేజీ. ఆలోచిస్తే 256 ఊదే బండికి సరిపోతుంది. బొడిపె చిన్నది, తలుపులు కలిసి తెరుచుకునేది కాసేపే. అంబదాస్ కూడా "గది నడుస్తది గావొచ్చు" అన్నాడు. ఈసారి బుద్ధిగా:

1. పోలిక కాగితం మీదే.
2. రేపు తెల్లవారుజామున సృజనను పాత షాఫ్టులతోనే ఇచ్చోడలో దింపుతాను.
3. ఇంజన్ ముట్టను. ఎవరితోనూ ముట్టించను.

ఆర్డర్ పెట్టాను. కొలవడానికే.

సృజన వచ్చి భుజం మీది నుంచి మూడు నియమాలూ చదివింది. అల్మారా తెరిచి, ఆధార్ కార్డు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.