ఆరో సీటు

మే 9, శనివారం

మాలిని ఇవాళ ఒకే గుర్తు ముక్కలతో చిన్న ఫ్లష్ కుదిరి కూడా ఫోల్డ్ చేసి చెయ్యి వదిలేసింది. మా ఆయన మురిసిపోయాడు. డిసిప్లిన్ అంటే ఇదీ అని టేబుల్ చుట్టూ చాటాడు. మేమాడే ఒమాహా పోకర్‌లో మనిషికి నాలుగు ముక్కలు కాబట్టి ఎవరి దగ్గరో ఇంకా పెద్ద ఫ్లష్ ఉండే ఉంటుందట, అరకొర చేతిని వదిలేయడమే తెలివట. నాకు తెలియదా? పదకొండేళ్లుగా ప్రతి శనివారం మధ్యాహ్నం యూ టీ ఏరియాలోని మా ఫ్లాట్‌లో, ఈ ప్లాస్టిక్ చిప్స్‌తోనే ఆడుతున్నాను. గంట ముందు నేనూ అలాంటి చేతినే వదిలేశాను. అప్పుడేమన్నాడు? అరూకి భయమెక్కువ అన్నాడు.

నేను చేస్తే భయం. ఆవిడ చేస్తే డిసిప్లిన్.

మే 10

సెరంగూన్‌లో ఒక కాండో అపార్ట్‌మెంట్ల పేకాట గ్యాంగ్‌తో మ్యాచ్ ఖాయమైంది. టీమ్‌లో ఆరుగురు. ఐదుగురు ఫిక్స్. ఆరో సీటు నాకా, మాలినికా అన్నది కెప్టెన్ గారు వచ్చే శనివారం ఆట చూసి చెప్తారట. కెప్టెన్ గారంటే మా ఆయన శశికాంతే.

ఆ సీటు నాకు కావాలి.

మే 13

మాలిని మార్చిలో ఆయన ఆఫీసులో చేరింది. పుట్టింది మలేషియాలో. పాసిర్ రిస్ నుంచి అంత దూరం ట్రైన్‌లో వస్తుంది పాపం అని ఈయనకు జాలి. భోజనం అనడానికి మలయ్‌లో మకాన్ అంటూ, మకాన్ అయ్యిందా అక్కా అని ఆవిడ అడిగితే అందరికీ ముద్దు. నాకు ఒళ్లు మంట.

ఇవాళ ఆయన ఫోన్‌లో నోట్స్ చూశాను. చూడకూడదు, చూశాను. మాలిని ఆడిన చేతులన్నీ వరసగా రాసుకున్నాడు. నాది ఒక్కటీ లేదు. దీక్షిత స్కూల్ నుంచి వచ్చి, నా చేతిలో ఆ ఫోన్ చూసి, మమ్మీ సో జెలస్ లా అని ఇక్కడి యాసలో అంది. పద్నాలుగేళ్ల పిల్ల! నోర్ముయ్ అని దానికి మ్యాగీ చేసి పెట్టాను.

మే 15

ఒక సంగతి ఇక్కడ కూడా ఎప్పుడూ రాయలేదు. శశి బ్లఫ్ చేసేటప్పుడు మణికట్టు మీద వాచీని ఒకసారి తిప్పుతాడు. కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది. తెలిసీ ఇన్నేళ్లూ ఫోల్డ్ చేశాను. నలుగురిలో ఓడితే ఆదివారమంతా మూతి ముడుచుకుని కూర్చుంటాడు మరి.

రేపు చెయ్యను.

మే 16, సాయంత్రం 6

టేబుల్ మీద మూడు హార్ట్స్. మధ్యలో పోగైన పాట్ ఎంతుందో అంతా శశి బెట్ వేశాడు, ఫ్లష్ ఉన్నవాడిలా. టేబుల్ ముక్కలతో కలిపి నాకు రెండు చిన్న జతలు, ఒంటరిగా హార్ట్స్ ఆస్. ఒమాహాలో చేతిలోంచి రెండు ముక్కలు వాడాలి, ఒక్క హార్ట్‌తో నాకు ఫ్లష్ రాదు. కానీ ఆస్ నా దగ్గరుంటే అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ ఆయనకూ ఉండదు. అయినా చిన్న ఫ్లష్ ఉన్నా చాలు, నా పని అయిపోయినట్టే. అసలు సిసలు అరకొర చెయ్యి.

వాచీ తిప్పాడు.

కాల్ అని ఆయన బెట్‌కు సమానంగా చిప్స్ తోశాను. ఆయన దగ్గర ఏమీ లేదు! మా టీమ్‌లోని లోహిత్ ఈల వేశాడు. ఆ చేతితో ఎలా కాల్ చేశావని శశి అడిగాడు, చెవులు ఎర్రబడ్డాయి. హార్ట్స్ ఆస్ నా దగ్గరుంది కదా అన్నాను. అంతే చెప్పాను. టీ పెడుతుంటే వంటింట్లోకి వచ్చి, ఆరో సీటు నీదే అన్నాడు.

రాత్రి 8

మాలినిని స్టేషన్ దాకా దింపి వచ్చాను. గెలిచాను కదా, ఆ మాత్రం మర్యాద చూపించొచ్చు. కంగ్రాట్స్ అక్కా అంది. మనస్ఫూర్తిగానే అంది. తర్వాత నవ్వుతూ, ఆ చోట తనైనా కాల్ చేసేదాన్నే అంది. శశి అన్నయ్య అబద్ధం ఆడితే వాచీ తిప్పుతాడు లా, అంది.

మూడే నెలలు.

మే 17

వాచీ కనబడటం లేదని శశి ఇల్లంతా వెతుకుతున్నాడు. నేనూ సోఫా కింద టార్చ్ వేసి వెతుకుతున్నాను. బియ్యం డబ్బా వైపు ఇంకా ఎవరూ చూడలేదు.