తమ్ముడు మ్రాన్పడిన రోజు

అక్కా,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఇది నీకు అందదని తెలుసు. అయినా నీకు కాక ఎవరికి చెప్పను?

నిన్న పొద్దున నాగాయలంకలో మన తమ్ముడు ప్రభుదాసు చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. కబురు తెలిసి పామర్రు నుంచి బస్సెక్కి వెళ్లాను. వాడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. "పొద్దుట్నుంచీ అలాగే ఉన్నాడమ్మా, దిమ్మ తిరిగిపోయినట్టుంది" అన్నాడు పక్క చెరువు రైతు. ఫొటో కోసం వచ్చిన విలేకరి, "దిగ్భ్రాంతికి గురయ్యారని రాస్తానండీ" అన్నాడు.

నువ్వుంటే ఇద్దరినీ సరిదిద్దేదానివి. దిమ్మ తిరిగితే మనిషి తూలుతాడనీ, దిగ్భ్రాంతి అంటే దిక్కులు తెలియకపోవడమనీ, మ్రాన్పడితే మాత్రం మానులా నిలబడిపోతాడనీ క్లాసులో పిల్లలకి చెప్పేదానివిగా. వాడు మ్రాన్పడ్డాడక్కా. ఈగలు ముసురుతున్నా చెయ్యి కదల్లేదు.

చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కాసిని నీళ్లు తాగించాను. ఈ ఏడాదంతా ఇంట్లో ఎవరినో ఒకరిని ఇలా కూర్చోబెడుతూనే ఉన్నాను. నాకూ ఓపిక అయిపోయింది.

చాలాసేపటికి వాడు నా వైపు తిరిగాడు.

"చిన్నక్కా, పెద్దక్కకి ఫోన్ చేశావా?" అన్నాడు.

"చేస్తాలేరా" అన్నాను.